గింత అద్దితే చాలు

యాభై దాటినాక పౌడర్ మొహం మీద నిలవదు, మొహంలోకి దిగుతుంది. పొద్దున అద్దంలో చూసుకున్నప్పుడు బాగానే ఉంటుంది. ముహూర్తం వేళకు కళ్ళ కింది సన్నగీతలు, ముక్కు పక్కనుంచి పెదవి దాకా దిగే మడత, పైపెదవి మీది నిలువు చారలు ఒక్కొక్కటే తెల్లగా తేలుతాయి. గాలికి పైదుమ్మంతా లేచిపోయి, ఎండిన చెరువులో నెర్రెల మధ్యది మాత్రం మిగిలినట్టు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళికూతురి తల్లినీ మేనత్తలనూ చాలా ఏళ్ళుగా చూస్తున్నదాన్ని కనుక ఈ మాట అనగలుగుతున్నాను. చీరకు వంక పెట్టలేం. నూలు ఒంటికి పట్టు అంచు అతికి నేసిన గద్వాల చీర, ఎవరు కట్టినా నిండుగా ఉంటుంది. దాని పైన మొహం మాత్రం సున్నం కొట్టినట్టు!

తప్పు ఆమెది కాదు. పార్లర్ పిల్లది కూడా పూర్తిగా కాదు. ఆ పిల్ల పని నేర్చుకున్నది పెళ్ళికూతుళ్ళ మొహాల మీద. ఇరవై రెండేళ్ళ చర్మానికి అచ్చొచ్చిన పద్ధతినే అరవై ఏళ్ళ చర్మానికీ వాడుతుంది. ప్యాకేజీలో అమ్మకు మేకప్ ఫ్రీ అన్నారంటే ఇక చెప్పేదేముంది, అదే డబ్బా, అదే స్పాంజి, అదే తొందర.

పౌడర్‌లో ఎక్కువ పాలు టాల్క్. చిన్నప్పుడు పలక మీద రాసిన, ఎవరూ చూడనప్పుడు కొరికిన బలపానికి అది దగ్గరి చుట్టం. ఖనిజాల్లో దానికంటే మెత్తనిది లేదు, మోస్ కొలమానంలో దాని కఠినత్వం 1. ఆ రాయిని తుంగభద్ర దాటితే పాత కర్నూలు జిల్లాలోనే తవ్వుతారు. మెత్తగా పొడి చేసి మైకా, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ కలిపి, రంగు కోసం ఐరన్ ఆక్సైడ్ చేర్చి (మన ఎర్రమట్టికి ఎరుపునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే), కాస్త జిడ్డు పట్టించి బిళ్ళగా నొక్కితే పౌడర్ ఫౌండేషన్ తయారు. దాని పని నూనెను పీల్చుకోవడం. వయసులో ఉన్న పిల్లకు మధ్యాహ్నానికల్లా నుదురు జిడ్డోడుతుంది. పౌడర్ ఆ జిడ్డును తాగి, దాన్నే పట్టుకుని నిలబడుతుంది.

ముట్లు ఆగాక లెక్క మారిపోతుంది. ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, నూనె గ్రంథులు నెమ్మదిస్తాయి. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ మొదటి ఐదేళ్ళలోనే సుమారు 30 శాతం తగ్గుతుందని చర్మవైద్యులు చెప్తారు. తాగడానికి నూనె దొరకని పౌడర్ ఉన్న కాస్త తడినీ లాగేసి, నవ్వినప్పుడల్లా జారి గీతల్లో చేరుతుంది. చెంపల మీద సన్నటి నూగు పెరిగి ఉంటే దాన్ని కూడా పట్టుకుని వేలాడుతుంది. మెరుపు కోసం కలిపిన మైకా వెలుతురు పడినప్పుడల్లా మడతలను ఎత్తి చూపిస్తుంది. అప్పుడు పార్లర్ పిల్ల ఏం చేస్తుంది? గీత కనబడుతోందని ఇంకో పూత వేస్తుంది.

మందంగా పూసే ఈ అలవాటు పుట్టింది మనలాంటి ఇళ్ళలో కాదు, రంగస్థలం మీద. వీధి భాగవతులు అర్దళం నూనెలో రంగరించి పూసుకునేవారు. అది ఆర్సెనిక్ ఉన్న రాయి, ఒంటికి మంచిది కాదు. అయినా దీపాల వెలుగులో, దూరంగా చాప మీద కూర్చున్నవాడికి సత్యభామ మొహం కనబడాలంటే అంత రంగూ కావాలి. తర్వాత సినిమా వచ్చింది. టెక్నికలర్ అనే రంగుల సినిమా పద్ధతికి వాడే దీపాల కింద పాత జిడ్డు రంగులు తళతళలాడి బొమ్మ చెడిపోతుంటే, హాలీవుడ్‌లో మాక్స్ ఫాక్టర్ కంపెనీ టాల్క్ ఎక్కువగా ఉండే బిళ్ళ ఒకటి చేసింది. తడి స్పాంజితో అద్దుకునే ఆ ప్యాన్‌కేక్ 1937లో తెర మీదికెక్కి, మరుసటేడు దుకాణాల్లోకి వచ్చింది. మద్రాసు జెమిని స్టూడియోకు అది లారీలకొద్దీ వచ్చేదని అక్కడ పనిచేసిన అశోకమిత్రన్ రాశారు. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకంలో ఆ పాఠం చదివిన పిల్లలు చాలామందే ఉంటారు. తమిళంలో అంత పేరు తెచ్చుకున్న ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లో, 1931లో. దూరం నుంచి చూసేవాళ్ళ కోసం, పెద్ద దీపాల కోసం పుట్టిన సరుకును, మూరెడు దూరంలో సెల్‌ఫోన్ పట్టుకుని సెల్ఫీ దిగే మేనకోడలి ముందు పూసుకుంటున్నాం. పైగా ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొడితే జింకూ టైటానియమూ ఆ వెలుగును తిప్పికొడతాయి. ఆల్బంలో మొహం తెల్లగా, మెడ చామనఛాయగా పడేది అందుకే.

అయితే ముసలితనంలో పౌడర్ ఎందుకు, మానేయొచ్చు కదా అనేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. "ఈ ఈడుల గీ సోకులేందే?" అన్న మాట మా వైపు మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ అంటారు. తలకు రంగేసుకున్న మామను ఎవరూ అడగరు.

మా పెద్దమ్మ ఒకామె ఉండేది. పెదనాయన పోయినప్పుడు పదిమందీ చేరి ఆమెకు పసుపు, కుంకుమ, పూలు, గాజులు అన్నీ ఆపించారు. పౌడర్ డబ్బా జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పసుపుకు ఉన్న శుభం పౌడర్‌కు లేదు, కనుక అశుభమూ అంటలేదు. ఆచారాలు కట్టినవాళ్ళ నాటికి ఆ డబ్బా మన ఇళ్ళకు రానే లేదు మరి. పెబ్బేరు సంతకు పోయేటప్పుడు ఆమె ఆ డబ్బా మూత తీసి, అరచేతిలో చిటికెడు వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, చేతులకు మిగిలినదే మొహానికి తుడుచుకునేది. ఎవరో నవ్వితే, "మొఖం కడుక్కున్నట్టన్న కనబడాలె గదనే" అంది. ఇప్పుడు ఆలోచిస్తే, మేకప్ వీడియోల్లో చెప్పేది కూడా ఆమె చేసిన పనే. పొడిని ముందు చేతి మీదో బ్రష్షు మీదో దులిపి, మిగిలింది మాత్రమే మొహానికి తగలనివ్వాలి.

ఆ పొడి కంటే ముందు పడాల్సింది తడి. మొహం కడిగి, పూర్తిగా ఆరకముందే క్రీమ్ రాయాలి. ఎండలో తిరిగే రోజైతే సన్‌స్క్రీన్ కూడా. ఆ తర్వాత చీర కట్టుకోవాలి. కుచ్చిళ్ళు సర్దుకుని పిన్ను పెట్టుకునే లోపు క్రీమ్ ఇంకుతుంది. అప్పుడు మెత్తటి బ్రష్షుతో ముక్కు మీద, నుదుటి మధ్యన, గడ్డం మీద అద్దాలి, రుద్దకూడదు. కళ్ళ కింద అసలు వద్దు. చివర్లో తడిచేసి గట్టిగా పిండిన గుడ్డను ఒక్కసారి మొహానికి ఆనిస్తే పొడిదనం చచ్చి చర్మంలో కలిసిపోతుంది. మా గద్వాల వైపు నడిగడ్డ ఎండల్లో, ఏప్రిల్, మే పెళ్ళిళ్ళలో చెమట తప్పదు. చెమట మీద మళ్ళీ పౌడర్ కొడితే మరకలు కడుతుంది. ముందు చేతిరుమాలుతో ఒత్తి తీసి, అవసరమైతేనే ఇంకొంచెం. చాలాసార్లు అవసరం ఉండదు.

రంగు సంగతి ఇంకా కష్టం. ఊళ్ళో ఫ్యాన్సీ స్టోర్‌లో ఉండేవే రెండు మూడు రంగులు, అందులో ఒకటి గులాబీ, ఇంకోటి అంతకంటే తెల్లన. చేనులో పనిచేసి ఎండకు కమిలిన చామనఛాయ మీద అవి బూడిద రంగుకు తిరుగుతాయి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ 2020లో పేరులోంచి తెలుపును తీసేసింది. మా ఊరి దుకాణాల కౌంటర్ల వెనక "మీకు తెల్లగ కొడ్తదమ్మా" అన్న మాట మాత్రం పోలేదు. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద చూసి కొనకండి. దవడ మీద గీసుకుని బయట వెలుతురులోకి వచ్చి చూడండి. గీత కనబడకపోతే అది మీ రంగు. మంగు మచ్చలు దాచాలని పూత మీద పూత వేయడం కూడా వృథా, అవి లోపలి నుంచి కనబడుతూనే ఉంటాయి. వాటికని డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు మరీ ప్రమాదం, రాయగా రాయగా చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు బయటికి కనబడతాయి. అంతకంటే మచ్చను మచ్చగా ఉండనివ్వడం మేలని నా ఉద్దేశం.

పార్లర్ కుర్చీలో కూర్చున్నాక మొహమాటపడకూడదు. నేను చెప్పే మాటలు ఇవే. "బిడ్డా, పిల్లకు ఎట్లనన్న చెయ్యి, నాకు మాత్రం ముందు క్రీమ్ రాసి కొంచెంసేపు ఆగు. కండ్ల కింద ముట్టకు. గింత అద్దితే చాలు." ఆ పిల్ల ముందు నొచ్చుకుంటుంది. పౌడర్ తక్కువ వేస్తే పని తక్కువ చేసినట్టు కనబడుతుందని, డబ్బులు తగ్గిస్తారని దాని భయం. డబ్బులు మాత్రం తగ్గించకండి. పెళ్ళికూతురితో సమానంగా ఇస్తానని ముందే చెప్పేస్తే చెయ్యి తేలికపడుతుంది, కాటుక కూడా సాపుగా దిద్దుతుంది.