"తాగేవాడా?" అని అడగకముందు



ఎవరికైనా క్లోమం వాచిందని తెలిస్తే మన ఊళ్లలో మొదట వచ్చే ప్రశ్న "తాగేవాడా?" అని. డాక్టర్లు ప్యాంక్రియాటైటిస్ అనే ఈ జబ్బుకు మద్యం ఒక పెద్ద కారణమే. పిత్తాశయంలోని రాళ్లు కూడా అంతే పెద్ద కారణం.

క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే గ్రంథి. అన్నం అరిగించే రసాన్ని, ఇన్సులిన్‌ను అదే తయారుచేస్తుంది. ఆ రసం పేగులోకి వెళ్లాక పనిచేయాలి. రాయి అడ్డుపడినా, మద్యం దెబ్బతీసినా లోపలే పని మొదలుపెట్టి క్లోమాన్నే అరిగించేస్తుంది.

అకస్మాత్తుగా వచ్చే వాపులో పైకడుపులో తీవ్రమైన నొప్పి వీపులోకి పాకుతుంది, వాంతులవుతాయి. "గ్యాసేలే" అని సోడా తాగి పడుకోవద్దు. ఆసుపత్రిలో రక్తంలో లైపేజ్ చూస్తారు, సెలైన్, నొప్పి మందులు ఇస్తారు. చాలామంది వారం పది రోజుల్లో కోలుకుంటారు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది.

దీర్ఘకాలపు వాపు వేరు. క్లోమం ఏళ్ల తరబడి గట్టిపడిపోతుంది. తిన్నది అరగదు, జిడ్డు విరేచనాలవుతాయి, మనిషి చిక్కిపోతాడు, షుగరు రావచ్చు. పాడైన భాగం తిరిగి బాగుపడదు. అన్నంతోపాటు ఎంజైమ్ క్యాప్సూల్స్, కొందరికి ఇన్సులిన్ కావాలి. మన దక్షిణాదిలో మందు ముట్టని యువకులకు కూడా ఇది వస్తోంది. అలాంటి రోగులలో కొందరికి స్పింక్1 అనే జన్యువులో మార్పు ఉందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు చూపించారు.

మా సంఘంలో ఒక అక్క రెండు రోజులు ఈ నొప్పిని దాచుకుంది. ఆమెకున్నది పిత్తాశయంలో రాయి. "ఊళ్లో ఏమనుకుంటారోనని భయపడ్డాను అయ్యగారూ" అంది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన నాలుక ఒక మనిషిని ఆసుపత్రికి వెళ్లకుండా ఆపగలదా?

పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ప్రభువు ఆ లెక్క తీయలేదు, కళ్లు తెరిచాడు.

తాగే తమ్ముడికి కూడా మొదట కావాల్సింది ఆటో, తోడుగా ఒక మనిషి. తేరుకున్నాక మందు, సిగరెట్ రెండూ మానమని ప్రేమతో, గట్టిగా చెబుదాం. మానితే మళ్లీ రాకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. ఈ వారం మీ వీధిలో ఎవరైనా కడుపు పట్టుకుని కూర్చుంటే ప్రార్థన చేయండి, వెంటనే బండి పిలవండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.