తుపాకీ ఉన్నవాడే ముందు తప్పుకోవాలి (23వ భాగం)



పోయిన వారం ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో ఫొటో పంపాడు. చేతిలో నాటు పిస్టల్. మొహంలో నవ్వు. కింద ఒక్కటే వాక్యం: "అన్నా, ఇక మన జోలికి ఎవడొస్తాడో చూద్దాం." డిగ్రీ చదివే కుర్రాడు. వాళ్ల ఊళ్లో అట్రాసిటీ కేసు నడుస్తోంది, అతని అన్న అందులో సాక్షి. ఆ రాత్రి రెండు గంటలు ఫోన్లో మాట్లాడాను. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అలాంటి తమ్ముళ్లు ఇంకా ఉంటారు గనుక.

ముందు మా బాబాయి గురించి చెప్పాలి.

బాబాయి 17 ఏళ్లు మిలట్రీలో చేసి పెన్షన్ మీద వచ్చాడు. మాజీ సైనికులకు బ్యాంకుల్లో గార్డు ఉద్యోగాలు దొరికేవి, కాకపోతే సొంత లైసెన్సు తుపాకీ ఉండాలనేవాళ్లు. పిన్ని గొలుసు తాకట్టు పెట్టి 12 బోర్ డబుల్ బ్యారెల్ కొన్నాడు. మా పల్లెకి వచ్చిన మొదటి తుపాకీ అదే. చుండూరుకి మా ఊరు పెద్ద దూరమేం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మందిని నరికి చంపాక మా పల్లెలో మగవాళ్లు చాలాకాలం రాత్రిపూట వంతులేసుకుని మేలుకున్నారు. అలాంటి పల్లెలోకి తుపాకీ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముసలాళ్లు దాన్ని తడిమి చూసేవాళ్లు.

బాబాయి మాత్రం దాన్ని పాముని చూసినట్టు చూసేవాడు. బ్యాంకులోనే తూటాలు తీసేసి వచ్చేవాడు. అయినా ఇంటికి రాగానే గొట్టాలు గోడవైపు పెట్టి, తుపాకీని విరిచి, రెండు గొట్టాల్లోంచి లాంతరు వెలుతురు కనపడుతోందో లేదో చూసేవాడు. "ఇందాకే తీశావు కదా బాబాయ్" అంటే "ఇందాక తీసింది ఇందాకటి మాట" అనేవాడు. తుపాకీ తాళం వేసిన ట్రంకు పెట్టెలో. తూటాలు వేరే గదిలో. రెండు తాళంచెవులూ మొలతాడుకి. వేలు మీట మీదికి పోకూడదు, గొట్టం మనిషి వైపు తిరగకూడదు, అది ఖాళీ తుపాకీ అయినా సరే. తుపాకీ భుజాన ఉన్న రోజు చుక్క ముట్టేవాడు కాదు. ఓసారి పెళ్లి ఊరేగింపులో గాల్లోకి ఒకటి పేల్చమని చుట్టాలు బతిమాలితే, పెళ్లిభోజనం కూడా చెయ్యకుండా ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు సంబరాల్లో కాల్పులకి 2019 సవరణ చట్టం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది. అప్పట్లో ఆయనకి చట్టంతో పనిలేదు. "పైకి పోయింది కిందికి రావాలి కదరా" అన్నాడంతే.

నేను ఇంటర్ చదివేటప్పుడు జరిగింది ఇది. బాబాయి డ్యూటీ దిగి బస్సు దిగాడు. నేను ఎదురెళ్లాను. తుపాకీ గుడ్డసంచిలో భుజానికి ఉంది, చేతిలో అన్నం క్యారేజీ. టీకొట్టు దగ్గర ఊళ్లోని ముగ్గురు కుర్రాళ్లు బండ్లు అడ్డం పెట్టారు. "ఏరా మిలట్రీ, తుపాకీ ఉందని నడకే మారిందంట" అన్నాడొకడు. బాబాయి పలకలేదు. ఇంకొకడు క్యారేజీని కాలితో తన్నాడు. గిన్నెలు రోడ్డు మీద దొర్లాయి. నేను ఆయన చెయ్యినే చూస్తున్నాను. ఆ చెయ్యి సంచిని ఒంటికి గట్టిగా అదుముకుంది. వంగి గిన్నెలు ఏరుకున్నాడు. నా రెక్క పట్టుకుని వెనక్కి తిరిగి, కాలవకట్ట మీదుగా, మైలున్నర చుట్టు దారిలో ఇంటికి తీసుకొచ్చాడు.

నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మా తాత పెద్దోళ్లు ఎదురైతే చెప్పులు చేత్తో పట్టుకుని దారి దిగి గుంటలో నిలబడేవాడట. మిలట్రీకి పోయొచ్చి, తుపాకీ పెట్టుకుని, ఈయన కూడా దారి దిగాడే అని నా ఏడుపు.

నాలుగో రోజు ఆయనే పిలిచాడు. "ఆ రోజు అక్కడ ఏం జరగొచ్చో లెక్కేసుకున్నాను రా. వాడు సంచి లాగితే? నేను వాణ్ణి చంపొచ్చు. వాడు లాక్కుని నన్ను చంపొచ్చు. పెనుగులాటలో నీకు తగలొచ్చు. ఈ మూడూ వద్దనుకుంటే మిగిలింది కాలవకట్టే. ఉత్త చేతులతో ఉంటే వాడికి ఒకటి పీకేవాణ్ణేమో. తుపాకీ భుజాన ఉన్నప్పుడు చిన్న గొడవ అనేది ఉండదు. అందుకే తుపాకీ ఉన్నవాడే ముందు తప్పుకోవాలి."

"మరి పరువు?" అన్నాను.

పెట్టెలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి ఇచ్చిన ఫిర్యాదు నకలు. ముగ్గురి పేర్లు, అన్న మాటలు అన్నట్టుగా, టీకొట్టు దగ్గర చూసిన ఇద్దరి పేర్లు. కింద స్టేషన్ ముద్ర. కేసయితే కట్టలేదు. కానీ ముద్ర పడేదాకా ఆయన అక్కడ్నుంచి కదల్లేదట. "తప్పుకున్నాను, తలొంచలా" అన్నాడు.

ఆ తేడా అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. మా తాతకి గుంటలోకి దిగడం తప్ప వేరే దారి లేదు, దిగాక అడిగే చోటు లేదు. బాబాయికి దారులున్నాయి. అందులో ఎవరూ చావని దారి ఎంచుకున్నాడు, మర్నాడు లెక్క అడగడానికి వెళ్లాడు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కింద ఒక అట్రాసిటీ కేసులో బాధిత కుటుంబం వెంట నిలబడ్డాను. బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. రెండు రాత్రులు ఒక బండి నా వెనకే ఇంటి మలుపు దాకా వచ్చింది. మిత్రులు లైసెన్సు తీసుకో అన్నారు. ఆ హక్కు మనకుంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 3వ నిబంధన చదవండి. దాడులు జరిగే ప్రాంతాల్లో అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వొచ్చని అందులో ఉంది. చాతుర్వర్ణ్యం మన చేతికి ఆయుధం దక్కకుండా చేసిందనీ, అందుకే కింది కులాలు తిరగబడలేకపోయాయనీ బాబాసాహెబ్ 1936లోనే 'కులనిర్మూలన'లో రాశారు. కాబట్టి తుపాకీ మీద మనవాళ్లకుండే మోజుని నేను ఎగతాళి చెయ్యను. నాకూ ఉండింది.

ఫారం నింపాను. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం తుపాకీ వాడకం, భద్రతల్లో శిక్షణ పొందాలి, భద్రంగా దాస్తానని హామీ ఇవ్వాలి. నేర్పమని బాబాయి దగ్గరికి పోయాను. అప్పటికి ఆయన డెబ్బై దాటాడు. ఫారం చదివి కళ్లజోడు తీసి అడిగాడు.

"రాత్రి నిద్ర పడుతోందా?"

"లేదు."

"ఎన్నాళ్లుగా?"

"రెండు నెలలుగా."

"తాగుతున్నావా?"

నేను నేల చూపులు చూశాను.

"మరి తుపాకీ ఇంటికొస్తే ముందు ఎవరికి ప్రమాదం రా అబ్బాయ్? వాళ్లకా, నీకా?"

కోపం వచ్చింది. ఫారం లాక్కుని వచ్చేశాను. ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మూడింటికి నా బుర్రలో తిరిగిన ఆలోచనలు ఇక్కడ రాయను. ఆ గదిలో తుపాకీ లేకపోవడం మంచిదైందని మాత్రం రాస్తాను. తర్వాత లెక్కలు చదివాను. తుపాకులు ఇంటింటా ఉండే అమెరికాలో 2021లో తుపాకీతో పోయినవాళ్లు 48 వేలకు పైనే. వాళ్లలో సగం కంటే ఎక్కువమంది, 26 వేల పైచిలుకు, తమని తాము కాల్చుకున్నవాళ్లు. మన బిడ్డల్ని యూనివర్సిటీ హాస్టళ్లలో ఎలా పోగొట్టుకున్నామో మీకు చెప్పక్కర్లేదు. ఒంటరిగా, అవమానంతో, నిద్ర లేకుండా ఉన్న మనిషికి తుపాకీ కాపలా కాదు. అలాంటి రాత్రి మీకు వస్తే ఎవరినైనా నిద్రలేపండి. 14416కి, టెలీ మానస్‌కి, ఫోన్ చెయ్యండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఫారం సొరుగులో పెట్టి మేం వేరే పని చేశాం. అదే 3వ నిబంధనలో మనం సాధారణంగా అడగని ముక్క ఒకటుంది. ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, తుపాకుల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించే అధికారం, అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకునే అధికారం కూడా అందులోనే ఉన్నాయి. నిందితుల బంధువుల ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందని అర్జీ పెట్టాం. నాలుగుసార్లు తిప్పారు. ఐదోసారికి ఆ తుపాకీ జమైంది. నా చేతికి ఒకటి వచ్చుంటే వచ్చే ధైర్యం కంటే, అవతల ఒకటి తగ్గిందన్న కబురే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. చట్టంలో 15ఏ సెక్షన్ బాధితులకూ సాక్షులకూ రక్షణ హక్కు ఇస్తోంది. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టాం. రాత్రి ప్రయాణాలు మానేశాను. రోజూ ఒకే దారిలో పోవడం మానేశాను. బయల్దేరినప్పుడూ చేరినప్పుడూ ఇద్దరికి మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకున్నాను. బెదిరింపు కాల్ ప్రతిదీ తేదీ, టైముతో రాసి పెట్టాను. వీటితో ఫొటో దిగలేం, నిజమే. కానీ ఇవాళ నేను బతికుండి ఇది రాస్తున్నాను.

ఇంకోటి ఆలోచించండి. 1985లో కారంచేడులోనైనా, 1991లో చుండూరులోనైనా మన మీదికి వచ్చింది గుంపులు గుంపులుగా. డబుల్ బ్యారెల్‌లో పట్టేవి రెండే తూటాలు.

ఇక ఫొటో పంపిన తమ్ముడూ, నీకు చెప్పిందే మళ్లీ చెప్తున్నాను. లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే ఆయుధ చట్టం 25వ సెక్షన్ కింద కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. అది సగం నష్టమే. ఎదుటివాళ్లు కౌంటర్ కేసు కోసం కాచుక్కూర్చుంటారు. నీ పిస్టల్ దొరికిన రోజు నుంచి మీ అన్న సాక్ష్యం గురించి ఎవరూ మాట్లాడరు. పేపర్లో నీ ఫొటో పడుతుంది. చచ్చిన మనిషి పేరు పోయి నీ పేరు వస్తుంది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, కాదనను. అది అవసరానికి మించకూడదనీ, పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే వర్తించదనీ కూడా అదే చట్టంలో ఉంది. ఆ అవసరాన్ని కొలిచేటప్పుడు మన పల్లె కుర్రాడికి ఎంత ఉదారంగా కొలుస్తారో నీకు తెలుసు. పైగా నాటు పిస్టల్ గొట్టం ఎదుటివాడి కంటే ముందు నీ చేతిలోనే పగలొచ్చు.

సెక్యూరిటీ గార్డులుగా చేస్తూ లైసెన్సు తుపాకీ మోసే అన్నలు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్లకి నా మాట కాదు, బాబాయి మాటే. తుపాకీ భుజాన ఉన్నప్పుడు ఎవడేమన్నా జవాబియ్యకు. రద్దీలో గొడవ కనపడితే పక్క సందులోంచి పో. తుపాకీ ఉందని చెప్పుకోకు, చూపించకు. కోపమొచ్చిన రోజు, మనసు బాగోని రోజు, దాన్ని ఇంకొకరి తాళంలో పెట్టించు. లెక్క మర్నాడు కాగితం మీద అడుగు.

రిటైరయ్యాక ప్రతి ఎలక్షన్‌కీ ఆయన తుపాకీ స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకునేవాడు. "ఈ నెల్లాళ్లూ బాబాయి హాయిగా నిద్రపోతాడు" అని పిన్ని నవ్వేది. ఆయన పోయాక మేం దాన్ని జమ చేసి వచ్చాం. ఇంట్లో ఎవరూ వెనక్కి అడగలేదు. ఆ పాత ఫిర్యాదు నకలు మాత్రం నా దగ్గరుంది. ముద్ర చెరిగిపోయింది గానీ టీకొట్టు సాక్షుల పేర్లు ఇంకా చదవొచ్చు.

నిన్న ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. వకీలుని కలిశాడట, ఆయన్ని వెంటబెట్టుకుని పిస్టల్ అప్పగించడానికి ఒప్పుకున్నాడట. "భయంగా ఉందన్నా" అన్నాడు. నాకూ ఉంటుందన్నాను. వచ్చే ఆదివారం వాళ్లింటికి పోతున్నాను, ఇద్దరం కూర్చుని వాళ్లన్న తరఫున రక్షణ దరఖాస్తు రాస్తాం. అదెలా రాయాలో వచ్చే భాగంలో మీకూ చెప్తాను.

జై భీమ్.