వాన లోపలికి రాదు, చెమట బయటికి పోతుంది!

వానకు తడవకుండా ఉండటం ఒకటి, వాన కోటు లోపల చెమటకు తడవకుండా ఉండటం మరొకటి. ఈ రెండూ ఒక్క జాకెట్‌తోనే జరుగుతాయని ఈ శ్రావణంలో రామగిరి ఖిల్లా ఎక్కేదాకా నేను నమ్మలేదు. ఇప్పుడు కనబడ్డవాళ్లందరికీ అదే చెబుతున్నాను!

మా జమ్మికుంటలో వాన కోటు అంటే మందపాటి ప్లాస్టిక్ కోటే. బండి మీద హుజూరాబాద్ పోయి రావడానికి అది చాలు. దాన్ని వేసుకుని గుట్ట ఎక్కితే మాత్రం సగం దూరంలోనే చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. విప్పి పిండితే నీళ్లు కారుతాయి. అవి వాన నీళ్లు కావు, మన చెమటే. గొర్ల కాపరుల గొంగడిలో ఈ ఉక్కపోత లేదు కానీ, ముసురులో నానితే అది మోయలేనంత బరువెక్కుతుంది.

కొత్త జాకెట్ మడిస్తే దాని జేబులోనే ఇమిడిపోయింది. లేబుల్ మీద రెండు అంకెలున్నాయి. మొదటిది 10,000 మిల్లీమీటర్లు. అంటే ఆ గుడ్డ మీద 10 మీటర్ల ఎత్తున, దాదాపు మూడంతస్తుల మేడంత, నీళ్లు నిలబెట్టినా కిందికి దిగవు. రెండోది 10,000 గ్రాములు. ఒక చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో 10 లీటర్ల నీటిని ఆవిరిగా బయటికి పంపగలదని అర్థం.

నమ్మకం కుదరక ఇంట్లోనే పరీక్ష పెట్టాను. స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి, జాకెట్ లోపలి వైపు నీళ్లకేసి ఉండేలా మూతికి కట్టి, పైన కాస్త ఎడంగా చల్లటి పళ్లెం పట్టుకున్నాను. పళ్లెం అడుగున చెమ్మ పట్టింది! అదే గ్లాసును తలకిందులు చేస్తే ఒక్క చుక్క రాలేదు. పాత ప్లాస్టిక్ కోటుతో చేస్తే పళ్లెం పొడిగానే ఉంది.

ఈ వింత వెనకున్న కథ నల్లా దగ్గర మొదలవుతుంది. ప్లంబర్లు మరల మీద చుట్టే తెల్లటి టేపు తెలుసు కదా, అది పీటీఎఫ్ఈ అనే పదార్థం. 1969లో అమెరికాలో బాబ్ గోర్ దాన్ని అలాంటి టేపు కోసమే సాగదీస్తున్నాడు. వేడి కడ్డీలను మెల్లగా లాగితే తెగిపోతున్నాయి. విసుగొచ్చి ఒక్కసారిగా గుంజితే తెగకుండా బారెడు సాగింది! అలా పుట్టిన పొరలో చదరపు అంగుళానికి సుమారు 900 కోట్ల రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటి నీటి బొట్టు కంటే 20,000 రెట్లు చిన్నది, ఆవిరి అణువు కంటే 700 రెట్లు పెద్దది. అందుకే బొట్టు ఆగుతుంది, ఆవిరి పోతుంది. అదే గోర్-టెక్స్. నా జాకెట్‌లో ఉన్నది చవకైన పాలీయురేథేన్ పొర. అయినా బొట్టును ఆపి ఆవిరిని వదలడమే దాని పని కూడా.

ఇక అసలు పరీక్ష. జమ్మికుంటలో రైలెక్కి, పొత్కపల్లి, ఓదెల దాటి పెద్దపల్లిలో దిగి, మంథని దారిలో రామగిరి చేరాను. వనమూలికలకు పేరుపడ్డ గుట్ట అది. ఎక్కడం మొదలుపెట్టగానే వాన దంచింది. భుజాల మీద పడ్డ చినుకులు పూసల్లా దొర్లిపోయాయి. కోట గోడల దాకా ఊపిరి ఎగబోస్తూ ఎక్కి, జిప్పు తీసి చెయ్యి పెట్టి చూసుకుంటే చొక్కా పొడిగా ఉంది! వీపున, బ్యాగు ఆనిన చోట మాత్రమే కొంచెం తేమ.

లోపల పత్తి బట్ట వేసుకోకపోవడం కూడా కలిసొచ్చింది. మాది పత్తి మార్కెట్ ఉన్న ఊరు, పత్తి మీద ప్రేమ ఎక్కువే. కానీ పత్తి చెమటను పీల్చి తనలోనే దాచుకుంటుంది, పలచటి పాలిస్టర్ బనీను దాన్ని త్వరగా పైకి వదులుతుంది. ఇంకో సంగతి: లోపలి కంటే బయటి గాలిలో ఆవిరి తక్కువగా ఉంటేనే చెమట బయటికి పోతుంది. గాలంతా తేమతో నిండిన ముసురు రోజుల్లో ఈ పని మెల్లగా సాగుతుంది. అప్పుడు చంకల కింది జిప్పులు తెరవాలి. చినుకులు దొర్లకుండా గుడ్డలోకి ఇంకుతుంటే, ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయాలి. చినుకులను దొర్లించే పైపూత మళ్లీ పనిలోకి వస్తుంది.

కొనేటప్పుడు ఆ రెండు అంకెలు, కుట్ల మీద లోపలి వైపు అంటించిన టేపు, చంక జిప్పులు చూడండి. గుట్టలెక్కే మనకే కాదు, ముసురులో పట్టాల వెంట నడిచే రైల్వే కార్మికులకూ, స్తంభాలెక్కే లైన్‌మన్లకూ ఇలాంటి కోటే ఇవ్వాలి. రోజంతా వానలో చెమటోడ్చేవాళ్లకంటే దీని అవసరం ఇంకెవరికుంది?