కోళ్ళగూటిలో దొరికిన విమానం

యార్కు నగరం చూడవచ్చినవాళ్ళు అక్కడి పెద్ద చర్చి చూస్తారు, పాతకోట గోడమీద నడుస్తారు, ఇరుకుసందుల్లో తిరిగి తిరిగి ఎక్కడో ఓచోట టీ తాగి ఇంటిదారి పడతారు. నేనూ అంతే చేద్దామనుకున్నాను. కాలేజీకి వేసవి సెలవులిచ్చాక లీడ్సులో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. బావగారు డాక్టరు. ఆయనకు ఊపిరి తిరగని పని. అందుచేత నన్ను ఊళ్ళు తిప్పే బాధ్యత మేనల్లుడు రఘు మీద పడింది. వాడికి పదహారేళ్ళు. చర్చీలంటే ఆవలింతలు, విమానాలంటే ప్రాణం.

"మామయ్యా, చర్చి ఇన్ని వందలేళ్ళుగా ఉంది, సాయంకాలం దాకా ఎక్కడికీ పోదు. ముందు ఎల్వింగ్టన్ వెళదాం. అక్కడ కోళ్ళగూటిలోంచి వచ్చిన బాంబరు విమానం ఉంది" అన్నాడు.

కుర్రవాడు నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. తీరా వెళ్ళి చూస్తే వాడు చెప్పింది అక్షరాలా నిజం.

ఎల్వింగ్టన్ యార్కుకు ఆగ్నేయంగా కొద్దిమైళ్ళ దూరంలో ఉన్న చిన్న పల్లె. చుట్టూ చదునైన పచ్చని పొలాలు, పొలాలకు కంచెగా పొదలు. ఆ పొలాల నడుమ రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానస్థావరం. 1942 నుంచి ఇక్కడినుండి బాంబరు విమానాలు జర్మనీ మీదికి వెళ్ళేవి. 1944లో రెండు ఫ్రెంచి దళాలు వచ్చి మకాం పెట్టాయి. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకు కొందరు పూనుకుని, పాడుపడ్డ కట్టడాలను బాగుచేసి, 1986లో ఇక్కడొక ప్రదర్శనశాల తెరిచారు. ఆనాటి కంట్రోలు టవరును కూడా మళ్ళీ పూర్వపు రూపానికి తెచ్చారు.

ఒక పెద్ద షెడ్డులో అడుగుపెట్టగానే రఘు నా మోచెయ్యి పట్టుకు ఆపి, "అదీ" అన్నాడు.

హాలిఫాక్సు! నాలుగు ఇంజన్లు, డెబ్బై అడుగుల పొడుగు, నల్లని పొట్ట. ముక్కుభాగమంతా అద్దం. తోక చివర తుపాకీ పట్టుకుని ఒక మనిషి ఒంటరిగా కూచునే గాజుగూడు. ఏడుగురు మనుషులు అందులో ఇరుక్కుని చలిలో, చీకటిలో ఏడెనిమిది గంటలు ప్రయాణం చేసేవారట.

అక్కడున్న ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. వయస్సు ఎనభైకి అటూ ఇటూ. రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరై, జీతం భత్యం లేకుండా వారానికి రెండు రోజులు ఇక్కడ పనిచేస్తున్న వలంటీరు. పనిబట్టలమీద నూనెమరకలు. ఆయన చెప్పిన కథ ఇది.

యుద్ధకాలంలో హాలిఫాక్సులు 6,176 తయారైనాయి. లండనులో బస్సులు నడిపే సంస్థ కూడా కొన్ని వందలు కట్టింది. యుద్ధం అయిపోగానే వాటి అవసరం తీరిపోయింది. ముక్కలు చేసి తుక్కుకింద అమ్మేశారు. ఆరువేల పైచిలుకులో జ్ఞాపకార్థం నిండుగా ఒక్కటైనా దాచి ఉంచాలని ఎవరికీ తోచలేదు!

వాటిలో ఒకటి చాలా పేరుపడ్డది. దాని పేరు 'ఫ్రైడే ది థర్టీన్త్'. 13వ తేదీ శుక్రవారం కలిసివస్తే ఆ దేశంలో మనకు పిల్లి ఎదురొచ్చినట్టు. ఆ విమానం నడిపినవాళ్ళు విధిని ఎగతాళి చెయ్యదలచి కావాలనే ఆ పేరు పెట్టారు. ముక్కుమీద పుర్రె, ఎముకలు, తలకిందుల గుర్రపునాడా బొమ్మలు వేయించారు. విధికి కోపం రాలేదు కాబోలు, అది 128 సార్లు దాడికి వెళ్ళి 128 సార్లూ తిరిగివచ్చింది. 1945లో లండను నడిబొడ్డున ప్రదర్శనకు పెడితే జనం విరగబడి చూశారు. తర్వాత దాన్నీ తుక్కు చేశారు. మిగిలింది ఆ బొమ్మలున్న రేకు ఒక్కటే.

"మరి ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాను.

"కోళ్ళ దగ్గర్నుంచి" అన్నాడాయన, నవ్వకుండా.

స్కాట్లండుకు పడమటగా లూయిస్ అనే దీవి ఉంది. 1945లో అక్కడి స్టోర్నవే విమానాశ్రయంలో ఒక హాలిఫాక్సు ప్రమాదంలో దెబ్బతిన్నది. దాని నడిమి ముక్కను ఒక రైతు కొనుక్కుపోయి కోళ్ళగూడు చేసుకున్నాడు. సముద్రపు గాలికి తట్టుకునే గూడు అంతకంటె గట్టిది ఎక్కడ దొరుకుతుంది? దాదాపు నలభై ఏళ్ళు కోళ్ళు అందులో గుడ్లుపెట్టాయి, పిల్లల్ని చేశాయి. 1984లో ఈ యార్కుషైరు మనుషులు ఆ ముక్కను సంపాదించి ఇక్కడికి తెచ్చారు.

ఇక రెక్కలో? హాలిఫాక్సు కట్టిన హాండ్లీ పేజీ కంపెనీయే తర్వాత హేస్టింగ్సు అనే రవాణా విమానం కట్టింది. ఆ రెక్కల పోలిక ఈ రెక్కలదే. అటువంటిదొకటి సంపాదించి దాని రెక్కలు తెచ్చారు. ఇంజన్లు ఫ్రాన్సు వైమానికదళం ఇచ్చింది. ఒకప్పుడు తమవాళ్ళు ఈ స్థావరంలోనే ఉండి పోరాడారన్న కృతజ్ఞతతో. దొరకని భాగాలు పాత నమూనా పటాలు చూసి కొత్తగా చేసుకున్నారు. పన్నెండేళ్ళు పట్టింది. 1996 సెప్టెంబరు 13వ తేదీన దాన్ని జనం ముందుకు తెచ్చారు. ఆ రోజు ఏ వారమో వేరే చెప్పాలా? శుక్రవారమే! విమానానికి ఎడమవైపు ఆ పాత 'ఫ్రైడే' రంగులు వేశారు. కుడివైపు ఫ్రెంచి దళం రంగులు.

"నడుము ఒకదానిది, రెక్కలు ఇంకోదానివి, ఇంజన్లు మరోదానివి. అలాంటప్పుడు దీన్ని అసలు విమానమనవచ్చునా?" అని అడిగాను.

"ఏది పాతదో, ఏది కొత్తదో దాచకుండా చెబుతాం. అంతకుమించి అసలూ నకలూ నాకు తెలియదు" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ ఈ పనే చేశాను. ఒక పాత కావ్యానికి తాటాకు ప్రతులు నాలుగు ముందు వేసుకుని కూచున్నాం. ఒకదానిలో మొదటి ఆకులు లేవు. ఇంకోదాన్ని చెదలు తిన్నాయి. వేరొకదానిలో పద్యానికి సగం ఉంది, సగం లేదు. ఒకదాని లోటు మరొకదానితో పూడ్చుకుంటూ, ఎందులోనూ దొరకనిచోట 'గ్రంథపాతం' అని గుర్తు వేసుకుంటూ పోయాం. అచ్చయిన పుస్తకం చేతికి వస్తే అది ఆ నాలుగు ప్రతులలో దేనికీ నకలు కాదు. అయినా అది ఆ కావ్యమే. ఈ సంగతి పెద్దాయనకు చెప్పి, "మాకు ఆ దారి చూపినవారిలో మీ దేశస్థుడు ఒకాయన ఉన్నాడు, బ్రౌను దొర. ఊరూరా ప్రతులు వెతికించి, పండితులను కూచోబెట్టి సరిచూయించి, వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు" అన్నాను. ఆయన చాలా సంతోషించి, మా ఇద్దరికీ టీ ఇప్పించాడు.

అంతవరకూ బాగానే ఉంది. టీ తాగివచ్చి విమానం పొట్ట కింద నిలబడ్డాను. బాంబులు వేళ్ళాడదీసేది అక్కడే. తలెత్తి చూసేసరికి ఎందుకో మనస్సు చివుక్కుమన్నది. మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది.

అమ్మమ్మకు అప్పటికి పన్నెండేళ్ళు. విశాఖపట్నంలో ఉండేవారు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. అమ్మమ్మవాళ్ళు ఎడ్లబండి కట్టించుకుని చోడవరం దగ్గర చుట్టాలింటికి బయలుదేరారు. దారి పొడుగునా ఆ పిల్ల ఒకటే ఏడుపట: "గంప కింద కోళ్ళుండిపోనాయే, ఎవరు ఇడుస్తారే అమ్మా!" తొంభై ఏళ్ళు బ్రతికి పోయింది. చివరిదాకా కూడా పైన విమానం చప్పుడైతే పెరట్లో చేస్తున్న పని వదిలి లోపలికి వచ్చేసేది.

ఆమె మనుమణ్ణి నేను. బాంబరు విమానం చూసి మురిసిపోవచ్చునా? ఉండబట్టలేక పెద్దాయనకు ఆ కథంతా చెప్పి అడిగాను: "ఇన్నేళ్ళు శ్రమపడి దీన్ని మళ్ళీ ఎందుకు కట్టారు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"మా అమ్మ యార్కులో ఉండేది. అదే నెలలో, ఏప్రిల్ 29 తెల్లవారుజామున, జర్మను విమానాలు వచ్చాయి. రైల్వే స్టేషను అంటుకుంది. పదిహేనవ శతాబ్దపు సభామందిరం బూడిదైంది. అమ్మ భోజనాల బల్ల కింద దూరి ప్రాణం దక్కించుకుంది. కింద ఉండటం ఎలా ఉంటుందో మా ఇంట్లోనూ తెలుసు."

విశాఖపట్నానికీ యార్కుకూ మధ్య ఇరవైమూడు రోజులు!

"పైన వెళ్ళినవాళ్ళు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. బ్రిటిషు బాంబరు దళంలో 55,573 మంది తిరిగిరాలేదు. వాళ్ళు వేసిన బాంబులతో 1943 జూలైలో ఒక్క హాంబర్గు నగరంలోనే ముప్పైవేలమందికి పైగా చచ్చిపోయారు. రెండూ నిజమే. వచ్చిన పిల్లలకు రెండూ చెబుతాం. ఇప్పుడు మీరు దీని కింద నిలబడి ఎందుకు కట్టారని అడిగారు. ఇదే లేకపోతే మీరు ఎక్కడ నిలబడి అడిగేవారు? కరిగించి పారేసిన వస్తువును ఎవరూ ఏమీ అడగరు."

నాకు సమాధానం తోచలేదు. పుస్తకాలను చెదలు తింటే బాధపడేవాణ్ణి. చేదు సంగతులు రాసిన ఆకులైతే మాత్రం చెదలకు వదిలెయ్యమంటానా?

వచ్చేముందు ఆయన మమ్మల్ని విమానం నడుము దగ్గరికి తీసుకువెళ్ళి, "మీ అమ్మమ్మగారి కోసం ఇది చూడండి. కోళ్ళు కాపురం చేసింది ఇక్కడే" అన్నాడు. ఆ రేకును చేత్తో తాకాను. చల్లగా ఉంది.

చర్చి చూడటం ఆ రోజుకు కుదరలేదు. చీకటిపడ్డాక ఇల్లు చేరాం. రఘు దారిపొడుగునా మాట్లాడలేదు. వాడి తాతమ్మ గురించి మాత్రం రెండుసార్లు అడిగాడు. భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "అమ్మా, పాత చొక్కా ఏదైనా ఉంటే ఇవ్వు. నన్ను కూడా పనిలోకి రానిస్తారేమో శనివారం వెళ్ళి కనుక్కుంటాను. నూనె అంటుకుంటే వదలదట" అన్నాడు.

అక్కయ్య గరిటె పట్టుకుని నావైపు చూసింది. "తమ్ముడూ, పిల్లవాణ్ణి చర్చికి తీసుకువెళ్ళమంటే ఏం నేర్పి తీసుకొచ్చావురా?"

"నేనేం నేర్పలేదక్కయ్యా. మన అమ్మమ్మ కోళ్ళ సంగతి చెప్పాను, అంతే" అన్నాను.