ఎంత తూగిందే?

2018 అక్షయ తృతీయ. డాలస్‌లో మొదటి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. "గ్రాము అయినా సరే, బంగారం కొనవే" అని అమ్మ ముందు రోజే వాట్సాప్‌లో ఆర్డరేసింది. మనవాళ్ల నగల షాపుకి వెళ్తే మజూరీ, తరుగు అంటూ పర్సు ఖాళీ చేస్తారని, ఆఫీసు పక్కన ఉన్న నాణేల షాపుకి వెళ్లా. గంట తర్వాత బయటికొచ్చేసరికి చేతిలో చిన్న డబ్బా, అందులో అయిదు డాలర్ల బంగారు నాణెం.

వీడియో కాల్‌లో చూపించా. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి వందేళ్లు నిండాయని 1986లో అమెరికా మింట్ వేసిన నాణెం అది. విగ్రహం మొత్తం కాదు, మొహం ఒక్కటే, బాగా దగ్గర నుంచి, కొంచెం పైకి చూస్తున్నట్టు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.

"బాగుంది. ఎంత తూగిందే?"

"అమ్మా, అది చరిత్రమ్మా."

"చరిత్ర సరే. ఎంత తూగింది?"

8.359 గ్రాములు. అందులో 90 శాతం బంగారం, అంటే ఏడున్నర గ్రాములు. అమ్మ తేల్చేసింది: "కాసుకి కాసు." నవ్వొచ్చింది గానీ లెక్క కరెక్టే. మన వైపు కాసంటే బ్రిటిష్ సవరిన్ లెక్కేగా. దాని బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అసలు బంగారం 7.32 గ్రాములు. లిబర్టీ అమ్మవారు మన కాసు కంటే చిటికెడు ఎక్కువే తూగింది.

దానికి నేనిచ్చింది 325 డాలర్లు. ఇంచుమించు ఆ రోజు బంగారం ధరే, అంతే. 1986లో కొన్నవాళ్లు బంగారం విలువకి మించి చాలానే పెట్టారు. ఒక్కో నాణెం మీద 35 డాలర్లు ఆ విగ్రహం, ఎల్లిస్ ఐలాండ్ మరమ్మతులకి పోయాయి. అంటే చరిత్ర డబ్బులు ఎవరో ముందే కట్టేశారు, నాకు బంగారం రేటుకి వచ్చింది. (నాణెం మీద మాత్రం అయిదు డాలర్లనే ఉంటుంది. చట్టప్రకారం దాంతో కాఫీ కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లని నేనైతే చూడలేదు.)

ఇక్కడితో ఆగి ఉంటే నేను తెలివైనదాన్నే.

2019లో అపోలో 11కి యాభై ఏళ్లు. ఆ నాణెం చూశారా ఎప్పుడైనా? చదునుగా ఉండదు, మూకుడులా వంగి ఉంటుంది. లోపలివైపు చంద్రుడి మీద బూటు అచ్చు, రెండోవైపు వ్యోమగామి హెల్మెట్ అద్దం. బరువు, బంగారం అచ్చంగా లిబర్టీ నాణెం లెక్కే. కానీ నేను కొన్నది గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి, '70' అని లేబుల్ వేసినది. నాణేలకి గ్రేడింగ్ కంపెనీలు 70కి మార్కులు వేస్తాయి. 70కి 70 అంటే ఒక్క గీత కూడా లేదన్నమాట. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినదాన్ని, 69 ఎందుకు కొంటా? 725 డాలర్లు పెట్టి 70 కొన్నా. అందులో బంగారం విలువ సగం కూడా ఉండదు. అమ్మకి బరువు చెప్పా గానీ ధర చెప్పలేదు.

2023 జనవరిలో ఒక ఉదయం లాప్‌టాప్ లాగిన్ అవ్వలేదు. లేఆఫ్. హెచ్1బి వాళ్లకి తెలుసు, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాన్లు సర్దుకోవాలి. ఇంట్లో చెప్పలేదు. రెండో నెల అద్దె దగ్గరికొచ్చేసరికి నాణేలన్నీ బ్యాగులో వేసుకుని అదే షాపుకి వెళ్లా.

పెద్దాయన లిబర్టీని త్రాసు మీద పెట్టి ఫోన్లో ఆ పూట రేటు చూసి 450 అన్నాడు. తర్వాత అపోలో డబ్బాని అటూ ఇటూ తిప్పి 480 అన్నాడు. "దానికి 70 వచ్చిందండీ" అన్నా. ఇలాంటి నాణేలు ఇప్పుడు మింట్ నుంచే అద్దంలా వస్తాయి, 70లు బోలెడు, అందుకే నాకు దీని బరువే లెక్క అన్నాడు. మాటలో వెటకారం లేదు. అదే ఇంకా బాధ.

నా మొహం చూసి కాబోలు, కూర్చోబెట్టి ఒక కథ చెప్పాడు. 1997లో బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరు మీద ఇలాంటిదే అయిదు డాలర్ల బంగారు నాణెం వచ్చింది. పెద్ద లీగులో నల్లవాళ్లకి తలుపు తీసిన మనిషి ఆయన. కానీ అప్పటికి ఏటా వస్తున్న నాణేలతో జనం విసిగిపోయారు. మామూలు ఫినిష్‌లో అమ్ముడైనవి 5,174 మాత్రమే. తర్వాత దాని ధర బంగారం ధరకి అందనంత పైకి వెళ్లింది. లిబర్టీ నాణేలేమో దాదాపు అయిదు లక్షలు అమ్ముడయ్యాయి, అందరి బీరువాల్లోనూ ఉంది. అందుకే అది త్రాసు దాటి పైకి లేవలేదు. డబ్బా మీద 'లిమిటెడ్ ఎడిషన్' అని రాసినంత మాత్రాన ఏదీ అరుదైపోదని, కొనాల్సిన రోజున ఎవరూ కొననిదే తర్వాత అరుదవుతుందని ఆయన మాటల సారం. కానీ ఆ రోజున ఎవరికి తెలుస్తుంది?

లిబర్టీని అమ్మేశా. దానికే న్యాయమైన ధర వచ్చింది మరి. అపోలోని నష్టానికి ఇవ్వడానికి మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నా. తలకిందుల పని. కష్టంలో ఆదుకున్నదాన్ని అమ్మి, ముంచినదాన్ని దాచుకున్నా. అయితే ఒకటి, ఆ బూటు అచ్చు మీద వేలితో రాయాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ప్లాస్టిక్ అడ్డం.

నలభై ఏడో రోజున ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో కొన్నది పోయిందన్న వెలితి మాత్రం పోలేదు. 2025లో అదే షాపులో ఇంకో లిబర్టీ కొన్నా. అప్పటికి బంగారం ఎక్కడికో పోయింది, 800 డాలర్లు అయింది. అదే 1986, అదే మొహం, అదే బరువు. నాది కాదని నాకు తెలుసు.

ఆ డిసెంబర్‌లో తెనాలి వెళ్లినప్పుడు అమ్మ నానమ్మ కాసులపేరు తీసింది. అందులో నాలుగు నిజం సవరిన్లు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తుంటే ఒకదాని మీద, గుర్రం కాళ్ల కింద నేల గీతలో, చిన్న 'ఐ' అక్షరం కనిపించింది. గుండె ఆగినంత పనైంది. అప్పట్లో బొంబాయిలో వేసిన సవరిన్లన్నీ 1918 అని ఉన్నవే, ఆ గుర్తు వాటిదే. నాణెం పైన మాత్రం ఎవరో ఆచారి గారు శుభ్రంగా అతికించిన కొక్కెం.

"అయ్యో అమ్మా, ఈ కొక్కెం లేకపోతే దీని విలువే వేరు!"

"కొక్కెం లేకపోతే మెళ్లో ఎట్లా ఆగుద్దే?" అంది అమ్మ.

పేరు నాకే ఇస్తానంది. తూకం వేయించాక.