కత్తి తగిలితే పాకుతుందా?

పోయిన ఆదివారం మన సంఘం మీటింగ్ అయ్యాక ఒక అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్ముడూ, రొమ్ములో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలన్నారు. కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతదట, నిజమేనా?" అని అడిగింది.

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. షోలాపూర్‌లో మా ఇంటి అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమెదీ ఇదే మాట. ఎనిమిది నెలలు ఆపరేషన్ వద్దంది. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. చివరికి తీసుకెళ్లేసరికి కాలేయానికి చేరింది. కత్తి తగలకుండానే పాకింది.

అలాగని ఆ భయం మరీ గాలి మాట కాదు. కోసేటప్పుడు కొన్ని క్యాన్సర్ కణాలు కదిలి వెళ్లొచ్చని డాక్టర్లూ ఆలోచించారు. కణం పొరలో అయాన్ ఛానెళ్లు అనే సన్నని ద్వారాలుంటాయి. నరాల్లో సోడియం ఛానెళ్లు తెరుచుకుంటేనే నొప్పి కబురు మెదడుకు చేరుతుంది. కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల్లోనూ ఈ ఛానెళ్లు ఉంటాయి. వాటిలోంచి సోడియం లోపలికి వస్తే, ఆ కణాలు చుట్టూ ఉన్న కండను కరిగించుకుంటూ ముందుకు జరగగలవని ప్రయోగశాలల్లో చూశారు.

పళ్ల డాక్టరు ఇచ్చే మత్తు సూది మందు లిడోకైన్ మూసేది ఈ సోడియం ఛానెళ్లనే. ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు మరికొన్ని ఆసుపత్రులతో కలిసి 1600 మంది మహిళల మీద పరీక్ష చేశారు. సగం మందికి కోతకు 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ ఆ మందు ఎక్కించారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. ఐదేళ్లకు ప్రాణాలతో ఉన్నవారు సూది వేసినవారిలో వందకు 90, వేయనివారిలో 86. ఛానెళ్లు మూతపడటమే కారణం కావచ్చని అంటున్నారు, అది ఇంకా తేలాలి.

సూది వేయనివారిలోనూ వందకు 86 మంది బతికారు, గమనించండి. వాళ్లంతా ఆపరేషన్ చేయించుకున్నవారే. సూది గురించి డాక్టరును అడగండి. సూది ఉన్నా లేకున్నా ఆపరేషన్ మాత్రం ఆపకండి.

అక్కకు ఇదే చెప్పాను. మంగళవారం ఆసుపత్రికి తోడు వెళ్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాగే ఆగిపోయి ఉంటే చెప్పండి, వాళ్లతోనూ వస్తాను.