చేవ్రాలు

గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ సముద్రము వరకు వ్యాపించిన పచ్చని నేల కోనసీమ. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల నీరు గోదావరి డెల్టాను సస్యశ్యామల మొనర్చెను. కాని, నేల పండినంత మాత్రమున పండించిన చేతులకు అక్షరము అబ్బదు.

అంబాజీపేట కొబ్బరి వర్తకమునకు పేరుమోసిన ఊరు. ఆ ప్రాంతపు తోటలలో దింపు తీయు కార్మికుడు కాయ ముదురో లేతయో చూచినంతనే చెప్పగలడు. దింపిన కాయలెన్నియో నోటిలెక్కతో చెప్పగలడు. అయినను, చదువురాని వాడైనచో, పుస్తకములో తన పేరునకు ఎదుట వ్రాసిన అంకె సరియైనదో కాదో అతడెరుగడు. పొదుపు సంఘములో సొమ్ము దాచుకొన్న ఇల్లాలు బ్యాంకు గుమ్మమువద్ద నిలిచి, దారినపోవు పిల్లవానిని పిలిచి, “నాయనా, ఇందులో ఎంతున్నదో కాస్త చూడు” అని అడుగును. సొమ్ము ఆమెది, లెక్క మాత్రము పరులనోట వినవలెను. పిదప బొటనవ్రేలికి సిరా పూసుకొని ముద్ర వేయునప్పుడు ఆమె తల వంగును. ఆ తల నెత్తుటయే వయోజన విద్యకు పరమార్థము.

1951 జనాభా లెక్కల నాటికి దేశమున నూటికి 18 మందికి మాత్రమే చదువు వచ్చును. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకములో సాంఘిక విద్యయు ఒక భాగమయ్యెను. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా సంస్థ వెలసినవి. పగలెల్ల పొలములో శ్రమించిన వారు రాత్రి బడిలో పలక పట్టిరి. నాగలి పట్టిన చేతికి బలపము బరువైనది. మనుమని యీడు పిల్లలు చూచి నవ్వుదురేమో యను సిగ్గు అంతకంటె బరువైనది.

ఆ బరువును దాటినవారు ఏమి సాధింపగలరో నెల్లూరు జిల్లా చూపినది. అక్కడ దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా వాచకములోని ‘సీతమ్మ కథ’ చదివి, అందు తమ బ్రతుకునే చూచుకొనిరి. ఊరి సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. అక్షరము తమ బ్రతుకును గూర్చి పలికినప్పుడే పెద్దలు దానిని ఆదరింతురు.

అయితే, వేసవిలో కాలువ కట్టినట్లు, ప్రభుత్వ సహాయము నడుమ నిలిచిపోవుటయు కలదు. 2009లో మొదలైన ‘సాక్షర భారత్’ 2018లో ముగిసినది. తరువాతి పథకము వెంటనే రాలేదు. వాడని కొడవలి తుప్పు పట్టును. చదువని అక్షరము మరపున పడును. ఈ సంగతిని మన పూర్వులు ముందే గ్రహించిరి. 1935లో గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పాతూరి నాగభూషణము పడవ గ్రంథాలయమును నడిపిరి. చదువు నేర్చినవాని ముంగిటికి పుస్తకము తరలివచ్చెను. కాలువలకు కొదువలేని కోనసీమ ఈ కథను మరువరాదు.

2011 నాటికి దేశమున అక్షరాస్యులు నూటికి 74 మంది కాగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 మంది మాత్రమే. మిగిలిన వారి కొరకు కేంద్ర ప్రభుత్వము 2022 నుండి 2027 వరకు రూ. 1037.90 కోట్ల అంచనాతో నవభారత సాక్షరతా కార్యక్రమమును చేపట్టినది. దీనికే ‘ఉల్లాస్’ అని పేరు. 15 ఏండ్లు నిండిన వారెవరైనను ఇందు చేరవచ్చును. చివర 150 మార్కుల పరీక్ష కలదు. చదువునకు 50, వ్రాతకు 50, లెక్కకు 50. లెక్కకు చదువుతో సమాన స్థానమిచ్చుట ఎంతయో సముచితము; కూలివాడు మోసపోవునది అంకెలయందే గదా!

ఈ పథకమున బోధించువారు జీతము గొనని స్వచ్ఛంద సేవకులు. విద్యార్థులు సైతము అందు చేరవచ్చును. ప్రభుత్వము వాచకము నీయగలదు, పరీక్ష జరుపగలదు. కాని, సాయంకాలము అరుగుపై అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆమె వణకు చేతిని పట్టుకొని మొదటి అక్షరము దిద్దించుటకు ఇంటిలోని మనుమడో మనుమరాలో కావలెను. ఆనాడు ఆమె వ్రాయు వంకరటింకర చేవ్రాలు, ఆ బిడ్డ సంపాదింపగల మార్కులన్నిటికంటె విలువైనది.